ఏడు కిలోల రెండువందల అరవై గ్రాముల వస్తువు

మావాడి బరువు ఏడు కిలోల రెండువందల అరవై గ్రాములని ప్రభుత్వ రికార్డులో రెండుచోట్ల ఉంది. కోటలోకి వెళ్లినప్పుడు ఒకసారి, బయటికి వచ్చినప్పుడు ఒకసారి. రెండూ సరిపోయాయి కనుక శాఖవారి దృష్టిలో ఆ రోజు అక్కడ ఏమీ జరగలేదు.

ఆ నగరం పేరు చెప్పను. మూడు వంశాలవాళ్లు కట్టి, నాలుగో వంశంవాళ్లు కూల్చి, ఐదోవాళ్లు టికెట్టు పెట్టిన నగరమంటే చాలు. మేం నిజానికి కోట చూడడానికి బయల్దేరలేదు. మావాడి అన్నప్రాశనకి మా అత్తగారి ఊరు వెళ్తున్నాం. దారిలో రైలు మారాలి. పదకొండింటికి దిగితే రెండో రైలు సాయంత్రం అయిదూ ఇరవై అయిదుకి. అది తప్పితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. ముహూర్తం మర్నాడు పొద్దున ఏడూ యాభైకి. మా అత్తగారు అప్పటికే వెండిగిన్నె తోమించి, పరమాన్నానికి పాలు చెప్పి, యాభైమందిని పిలిచి కూర్చున్నారు.

"ఆరు గంటలు స్టేషన్లో ఏం చేస్తాం హైమా? కోట చూసొద్దాం. వాడికీ చరిత్ర తెలుస్తుంది," అన్నారు మా ఆయన భార్గవ.

మావాడికి ఆరో నెల. చరిత్ర సంగతి అటుంచి, తన కాలు తనదేనని వాడు తెలుసుకున్నదే ఆ వారంలో.

సామాను స్టేషన్లో పెట్టి, హోటల్లో భోంచేసి, ఒంటిగంటకి కోట చేరాం. గేటు దగ్గర పెద్ద బోర్డు: "ఈ కోట మీది. దయచేసి పట్టుకెళ్లకండి." దాని పక్కన టికెట్ల కౌంటరు. టికెట్ల కౌంటరు దాటగానే నేల మీద పసుపు గీత. గీతకి అవతల ఒక బల్ల, బల్ల మీద కాంటా, కాంటా వెనక యాభై ఏళ్ల మనిషి. చొక్కా జేబు మీద "సాయిలు, తూనిక సహాయకుడు" అని రాసి ఉంది.

మా ముందున్న పెద్దాయన తన గొడుగుని కాంటా మీద పెట్టాడు. సాయిలు తూకం రాసుకుని, ఒక తగరపు బిళ్ల గొడుగుకి కట్టి ఇచ్చాడు. ఆయన వెనకున్నామె నీళ్ల సీసా తూచాడు. "తాగుతే మళ్ల వచ్చేటప్పుడు గీ నల్లా కాడ నింపి సరిజెయ్యాలె," అని చెప్పాడు. ఆమె ఎంతో అలవాటైనదానిలా తలూపింది.

విషయం గోడ మీద అచ్చేసి ఉంది. పోయిన ఏడాది కోటలోని రాతి ఏనుగుకి తొండం పోయిందట. ఎలా పోయిందో కనుక్కోవడానికి శాఖవారు ఒక మంచి హోటల్లో మూడు రోజుల సదస్సు జరిపారు. తొండం ఎవరు తీసుకెళ్లారో తేలలేదు గానీ, తీసుకెళ్లినవాడు వచ్చినప్పటికంటే ఎక్కువ బరువుతో వెళ్లి ఉంటాడని మాత్రం ఏకగ్రీవంగా తేలింది. దాని మీదట "సమభార ప్రవేశ నిష్క్రమణ విధానం" పుట్టింది. లోపలికి ఎంత వెళ్లిందో బయటికి అంతే రావాలి.

మొదట్లో మనుషుల్ని కూడా తూచేవారట. తూకం ఎర్ర అంకెల్లో గేటు మీద పెద్దగా పడేదట. తనిఖీకొచ్చిన ఒక పెద్ద అధికారిగారి శ్రీమతి ఆ అంకెల కింద నిలబడి ఫోటో దిగారు, పైకి చూసుకోకుండా. మర్నాటికి సవరణ వచ్చింది. నడిచి వచ్చే మనిషిని తూచకూడదు, చేత్తో మోసుకొచ్చే సామాను మాత్రమే తూచాలి.

మా వంతు వచ్చింది. సాయిలు నా చేతిసంచీ తూచాడు. తర్వాత మావాడి వైపు చూశాడు.

"అమ్మా, పోరడు నడుస్తడా?"

"లేదండీ. ఆరో నెల."

"అయితే కాంటా మీద పెట్టున్రి."

"ఎందుకు?"

"నడిస్తే మనిషి. మోస్తే సామాను. గంతే." ఆయన మాటలో కక్షేమీ లేదు. కూరగాయల్లో ఏది ఆకుకూరో చెప్పినట్టు చెప్పాడు. "గీ గీత కాడికెళ్లి కాంటా దాటేదాక ఏడడుగులున్నయి. ఏడడుగులు సొంతంగ ఏస్తే ఎవ్వలనైనా ఇడిచిపెడ్త. మొన్న ఒక ముసలమ్మను కుర్చీల తోసుకొచ్చిన్రు. గా అమ్మకు రోషమొచ్చి, లేచి ఏడడుగులు నడిచి, మళ్ల కుర్చీల కూసున్నది. ఇగ నేనేమంట? మనిషే అన్న."

మా ఆయనకి ఇలాంటివి సరదా. "పెట్టు హైమా, ఈ నెల తూకం ఎలాగూ చూడలేదుగా," అన్నారు.

మావాడిని బట్టలతో, సాక్సులతో సహా కాంటా మీద కూర్చోబెట్టి వీపుకి చెయ్యి ఆనించబోతే, "చెయ్యి తీయాలమ్మా, మీ బరువు కలుస్తది," అన్నాడు. ఒక్క క్షణం వదిలాను. ఏడు కిలోల రెండువందల అరవై. సాయిలు రిజిస్టరు తీసి, వస్తువు వివరం అన్నచోట కలం ఆపి ఆలోచించి, "మగ, ఒకటి" అని రాశాడు. నూటపదమూడో నంబరు బిళ్ల మావాడి ఎడమ కాలికి, సాక్సు మీదుగా దారంతో కట్టాడు. మావాడు ఆ బిళ్లని చూసి మురిసిపోయాడు. కోటలో వాడికి నచ్చిన ఒకే ఒక్క వస్తువు అదే.

కోట గురించి నేనేమీ చెప్పలేను. చంటిపిల్లాడిని ఎత్తుకుని కోట చూసినవాళ్లెవరూ చెప్పలేరు. నేను చూసిందల్లా నీడ ఎక్కడుంది, మెట్లు ఎన్ని, ఏ మెట్టు జారుతుంది, కూర్చోడానికి ఎత్తు సరిపోయే రాయి ఏది అన్నవే. ఆయన మాత్రం ముందు నడుస్తూ, ఇక్కడ రాజు న్యాయం చెప్పేవాడు, అక్కడ చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది అని చెప్పుకుపోతున్నారు. చప్పట్లు కొట్టారు కూడా. మావాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. ఆ ఏడుపు కొండ మీద తప్పకుండా వినిపించే ఉంటుంది.

ఏడుపు ఆకలిగా మారింది. రాణివాసంలో, గోడలో తొలిచిన గూటిలాంటి అరుగొకటి కనిపిస్తే అక్కడ కూర్చుని, కొంగు కప్పి పాలు పట్టాను. మావాడికి పాలు తాగుతూ కాళ్లు ఆడించే అలవాటు. ఇంట్లో అయితే సోఫాని తంతాడు. ఇక్కడ రాణివాసం గోడని తన్నడం మొదలుపెట్టాడు. గోడ మీద సున్నంతో చేసిన పూలతీగ ఉంది, నాలుగువందల ఏళ్లనాటిది.

రెండు నిమిషాలకి ఖాకీ చీర కట్టుకున్న కాపలా ఆమె వచ్చింది. పేరు యాదమ్మ అని తర్వాత తెలిసింది.

"ఇక్కడ తాగుడు బందమ్మా. బోర్డు సూడలేదా? తిండి, నీళ్లు దప్ప తాగేటియి లోపలికి తేవద్దు."

"నేను తేలేదండీ. ఇక్కడే తయారవుతున్నాయి."

యాదమ్మ ఆలోచించింది. కొంగు కిందినుంచి బయటికి వచ్చి ఆడుతున్న కాలినీ, కాలికున్న బిళ్లనీ చూసింది.

"నాకు నలుగురమ్మా. ఎవ్వలకు గూడ బోర్డు సూసి ఆకలి గాలె," అంది. "జల్ది కానియ్యి. నేను అటు మొఖం పెట్టి నిలబడ్త."

పొట్ట నిండాక వాడు నవ్వాడు. జారిపోయిన సాక్సు పైకి లాగి, మూడూ నలభైకి గేటుకి తిరిగొచ్చాం. స్టేషనుకి ఆటోలో ఇరవై నిమిషాలు. సామాను తీసుకోవడానికి పది. ఇంకా గంటకి పైగా చేతిలో ఉంది.

గేటు దగ్గర, ఇందాక మా ముందున్న గొడుగు పెద్దాయన గొడుగు విప్పి గిరగిరా తిప్పుతున్నాడు. లోపల మంటపం కప్పు నుంచి కారే నీళ్లలో తడిసిందట. అరవై గ్రాములు ఎక్కువొచ్చింది. ఆరేదాకా పంపరు. "ఎండ బాగుందండీ, ఇంకో అరగంటలో అయిపోతుంది," అన్నాడు మాతో, ఫిర్యాదేమీ లేకుండా.

మావాడిని కాంటా మీద పెట్టాను. ఏడు కిలోల మూడువందల నలభై. బల్ల కింద ఎక్కడో గంట మోగింది. గేటు పైన ఎర్ర దీపం వెలిగింది.

సాయిలు ముఖం మారిపోయింది. "ఎనభై గ్రాములు," అన్నాడు. "అమ్మా, ఏం తీస్కున్నరు లోపల?"

"పాలు తాగాడండీ."

"పాలు," అని రాసుకోబోయి ఆగాడు. "నాతోని గాదు. సారును పిలుస్త."

సారు వచ్చారు. ప్రాచీన కట్టడాల తూనిక విభాగం పర్యవేక్షకులు, శ్రీ చక్రపాణి. కళ్లజోడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో నీలం అట్ట పుస్తకం. ఆయన మావాడి వైపు చూడలేదు. అంకెల వైపు చూశారు.

"అమ్మా, ఈ విభాగం తరఫున మీకు స్వాగతం. ప్రస్తుతం మీ వస్తువునందు ఎనభై గ్రాముల భారాధిక్యత గమనింపబడినది. దీనికి మీ వివరణ?"

"పిల్లాడు ఆకలేసి పాలు తాగాడు. అంతే."

"ఆ పాలు ప్రవేశ సమయమున నమోదు అయినవా?"

"నాలోనే ఉన్నాయి కదండీ. నన్ను మీరు తూచలేదు."

"తూచరాదు. సవరణ ఉన్నది." ఆయన పుస్తకం తిప్పారు. "అనగా ఆ పదార్థము లోపలికి వచ్చినట్లు మా వద్ద ఆధారము లేదు. బయటికి వెళ్లుచున్నట్లు మాత్రము ఉన్నది. రక్షిత ప్రాంతమున లభ్యమైన ఏ పదార్థమైనను శాఖకు చెందును."

"లభ్యం కాలేదండీ. నేను ఉత్పత్తి చేశాను."

"ఏ హోదాలో?"

 బి.యస్సీ. గృహవిజ్ఞానంలో మాకు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"సందర్శకురాలి హోదాలో లోపల ఉత్పత్తి చేయుటకు వీలు లేదు," అన్నారాయన, నన్ను కష్టం నుంచి తప్పించినట్టు.

అప్పుడే మా వెనక పక్క గేటు తెరుచుకుంది. ఒక ట్రాక్టరు నిండా రాళ్లతో బయటికి వచ్చింది. చెక్కిన రాళ్లు. ఒక రాయి మీద నర్తకి నడుము దాకా ఉంది. కాపలావాడు కర్ర ఎత్తి దారిచ్చి, డ్రైవరుకి సలాం కొట్టాడు.

"అదేమిటి?" అన్నారు మా ఆయన. అప్పటికి ఆయన సరదా కొంచెం తగ్గింది.

చక్రపాణిగారు అటు తిరిగి చూశారు. "పునరుద్ధరణ పనులు. పాత రాళ్లు తొలగించి కొత్తవి అమర్చుచున్నారు."

"దాన్ని తూచరా?"

"అయ్యా, అది చేత్తో మోయునది కాదు కదా," అన్నారాయన ఓపిగ్గా. ఆ ట్రాక్టరు రోడ్డెక్కేదాకా ఆగి, దుమ్ము తగ్గాక మళ్లీ ఎనభై గ్రాముల దగ్గరికి వచ్చారు.

గడియారం నాలుగూ పది చూపిస్తోంది. నేను ఆయనకి రైలు సంగతి, ముహూర్తం సంగతి, మా అత్తగారి సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మా అత్తగారి దగ్గర సానుభూతిగా తలూపారు కూడా.

"మీ తొందర నాకు అర్థమైనది. మార్గమున్నది. భారాధిక్యత గల వస్తువులను నిపుణుల సంఘము పరిశీలించును. సంఘము ప్రతి నెల రెండవ మంగళవారము సమావేశమగును. అంతవరకు వస్తువును మా భద్రపు గదిలో ఉంచి, మీరు నిరభ్యంతరముగా రైలుకి వెళ్లవచ్చును. రసీదు ఇచ్చెదము."

భద్రపు గది తలుపు తెరిచే ఉంది. లోపల అర మీద ఒక పనసపండు, రెండు గొడుగులు, ఎవరిదో చేతికర్ర, బిళ్లలు కట్టి వరసగా ఉన్నాయి. పనసపండుది ఏ నెల మంగళవారమో తెలియదు గానీ, వాసన ఇక్కడిదాకా వస్తోంది.

"రసీదుని ఉయ్యాలలో వేసి ఊపమంటారా?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సాయిలు కలం కింద పెట్టేశాడు. గొడుగు పెద్దాయన తిప్పడం ఆపాడు. కాంటా మీద నుంచి మావాడిని ఎత్తుకోబోయాను.

"వస్తువును కదల్చరాదు," అన్నారు చక్రపాణిగారు. "నమోదు పూర్తి కాలేదు."

మావాడికి ఈలోగా తన సమస్య తనకి ఉంది. ఎండకి ఒరుసుకుపోతుందని నేను ఆ రోజు డైపరు వేయలేదు, గుడ్డ లంగోటీయే కట్టాను. వాడు ముందు ముఖం ఎర్రగా చేసుకున్నాడు. తర్వాత ఎటో దూరంగా చూశాడు. పిల్లల తల్లులకి ఆ చూపు తెలుసు. నేను కదిలేలోపు ప్రాచీన కట్టడాల శాఖవారి కాంటా మీద వాడు రెండు పనులూ పూర్తి చేశాడు.

 చక్రపాణిగారు రెండడుగులు వెనక్కి వేశారు. యాదమ్మ ఎప్పుడు వచ్చిందో, నీళ్ల బకెట్టూ గుడ్డా తెచ్చింది. నేను అక్కడే లంగోటీ మార్చాను, యాదమ్మ కాంటా తుడిచింది.

"సార్, ఇప్పుడు సూడున్రి," అన్నాడు సాయిలు ఆశగా. "తగ్గి ఉంటది."

తగ్గింది. ఏడు కిలోల రెండువందల ముప్పై.

మా ఆయన అమ్మయ్య అన్నారు. చక్రపాణిగారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మరింత గంభీరమైన విషయము. ముప్పై గ్రాముల లోటు. అనగా సందర్శకులు కట్టడమునందు ఏదో విడిచిపెట్టినారు. పదునాలుగవ నియమము. కట్టడమునకు అన్యపదార్థము చేర్చుట. తీసుకొనుటకన్నా చేర్చుట పెద్ద నేరము."

"విడిచిపెట్టింది ఇక్కడే కదండీ," అన్నాను. "మీ కళ్ల ముందే."

"కాంటా ఉన్న స్థలము గీతకి లోపలిదే. కోట కిందికే వచ్చును."

"సార్," అన్నాడు సాయిలు, తనకి తట్టిన ఉపాయానికి తనే మురుస్తూ, "గా గుడ్డ గూడ కాంటా మీద పెడితే? లంగోటి గూడ పెడితే? అంత కలిపితే లెక్క సరిపోతది గదా?"

"లెక్క సరిపోతే మళ్లీ ఎనభై ఎక్కువ వస్తుందండీ," అన్నాను నేను. తప్పు లెక్క వింటూ ఊరుకోవడం నావల్ల కాదు.

సాయిలు వేళ్ల మీద లెక్కేసి, నిజమేనని ఒప్పుకున్నాడు.

నాలుగూ ముప్పై అయిదు. మా ఆయన ఫోను మోగింది. మా అత్తగారు. ఆయన ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. "బయల్దేరారా నాయనా? పురోహితుడు ఏడింటికల్లా వస్తానన్నాడు. పిల్లాడేం చేస్తున్నాడు?"

"తూకం చూస్తున్నారమ్మా," అన్నారు మా ఆయన. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"ఇప్పుడెందుకురా తూకం! దిష్టి తగులుతుంది!"

ఉపాయం చెప్పింది యాదమ్మే. చేతులు కడుక్కుని వచ్చి, కొంగుకి తుడుచుకుంటూ, "ముప్పై గ్రాములే గదమ్మా. ఇంకింత తాగియ్యి," అంది.

అందరం ఆమె వైపు చూశాం. ముందున్న భారం కంటే ఎక్కువైతే పాలు దొంగతనం. తక్కువైతే లోటు పూడ్చడం. చక్రపాణిగారు నీలం పుస్తకం చాలాసేపు తిరగేశారు. పాల గురించి అందులో ఏమీ లేదు. నీళ్ల సీసా గురించి ఉంది. తాగిన నీటిని నిష్క్రమణకు ముందు నల్లా వద్ద నింపి సరిచేయవచ్చును.

"ఈ సందర్భమున," అన్నారాయన నెమ్మదిగా, "తమరిని నల్లాగా పరిగణించవచ్చును."

నా జీవితంలో నాకు దక్కిన ఏకైక ప్రభుత్వ హోదా అది.

బల్ల వెనక కుర్చీ వేశారు. యాదమ్మ తన పైకొంగు తీసి అడ్డం పట్టింది. చక్రపాణిగారు, సాయిలు, మా ఆయన, గొడుగు పెద్దాయన నలుగురూ కోట వైపు తిరిగి నిలబడ్డారు, నాలుగు స్తంభాల్లాగా. మావాడు ఇందాకే తాగాడు. వాడికి ఆకలి లేదు. నోట్లో పెట్టుకుని, రెండు గుక్కలు తాగి, పక్కకి తిరిగి అడ్డంగా ఉన్న కొంగుని చూస్తూ నవ్వాడు.

కాంటా మీద పెట్టాను. "రెండువందల నలభై," చదివాడు సాయిలు.

మళ్లీ కుర్చీ. అరికాలు గిలిగింతలు పెట్టాను. చెవి వెనక నిమిరాను. తాగాడు.

"రెండువందల యాభై."

నాలుగూ యాభై. ఇంకా పది గ్రాములు. మావాడి కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రపోతే ఇంక రేపటిదాకా ఒక్క చుక్క తాగడు. రేపు పొద్దున ఏడూ యాభైకి యాభైమంది ముందు వెండిగిన్నె ఖాళీగా ఉంటుంది. మా అత్తగారు ఏమీ అనరు. అదే భయం. పదేళ్లు ఏమీ అనకుండా ఉంటారు.

"తాగు నాన్నా," అన్నాను వాడి చెవిలో. "పది గ్రాములు. ఒక్క గుక్క. అమ్మ కోసం."

"ఎక్కువ తాగనియ్యకమ్మా," అని అటు తిరిగే హెచ్చరించాడు సాయిలు. "ఒక గుటక ఎక్కువైతే మళ్ల దీపం ఎలుగుతది!"

"మధ్యలో ఆపుట వీలగునా?" అని అడిగారు చక్రపాణిగారు, ఆయనా అటు తిరిగే. మొదటిసారి ఆ గొంతులో నియమం లేదు, ఆదుర్దా ఉంది.

"మీకు పిల్లలున్నారా అండీ?"

"ఇద్దరు. కానీ నేను ఆఫీసులో ఉండేవాణ్ని."

మావాడు కళ్లు మూసుకునే ఒక గుక్క మింగాడు. ఆ చప్పుడు నలుగురు మగవాళ్లకీ వినిపించింది. ఠక్కున వేరు చేసి కాంటా మీద పడుకోబెట్టాను. అంకెలు యాభైకీ అరవైకీ మధ్య ఊగాయి.  అరవై మీద నిలిచాయి.

"సమం!" అన్నారు చక్రపాణిగారు. గొడుగు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. కొండ మీద వినిపించే ఉంటుంది. సాయిలు మావాడి కాలి బిళ్ల విప్పుతూ, "బంగారు కొండ," అన్నాడు. మూడు కాగితాల మీద నేను సంతకం పెట్టాను. వస్తువు ముట్టినట్టు ఒకటి, సమభారంతో ముట్టినట్టు ఒకటి, శాఖ సేవల పట్ల సంతృప్తి చెందినట్టు ఒకటి.

రైలు కదులుతుండగా ఎక్కాం.

సీట్లో కూర్చుని ఊపిరి తీసుకున్నాక మావాడి సాక్సులు విప్పాను. ఎడమ సాక్సులోంచి ఏదో నా ఒళ్లో పడింది. సున్నపు ముక్క. ఒక పువ్వు రేకు. నరాలతో సహా ఎవరో ఎంతో ఓపిగ్గా చెక్కినది. వాడు రాణివాసం గోడని తన్నుతున్నప్పుడు ఊడి, జారిన సాక్సులో పడి ఉంటుంది. నేనే దాన్ని పైకి లాగి భద్రపరిచాను.

మా ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. "అంటే ఇది కాంటా మీద..."

"అయిదుసార్లు," అన్నాను. "ఎవరూ సాక్సు విప్పి చూడలేదు."

మర్నాడు అన్నప్రాశన ముహూర్తానికే జరిగింది. పరమాన్నం నాకించాక వాడి ముందు పుస్తకం, పెన్ను, గొలుసు, పూలు పెట్టారు. నా సంచీ పక్కన తువ్వాలు మీద ఉన్న రేకుని చూసి మా అత్తగారు, "కోట నుంచి తెచ్చారా? చక్కగా ఉంది, ఇదీ పెట్టండి," అని వరసలో పెట్టేశారు. మావాడు బోర్లాపడి, బంగారం మీంచి పాకి, పుస్తకాన్ని పక్కకి తోసి, రేకుని పట్టుకున్నాడు.

"భూములు సంపాదిస్తాడు," అన్నారు మా పెదమామగారు.

"కాదు, కాంట్రాక్టరవుతాడు," అన్నారింకొకరు. అందరూ సంతోషించారు. నాకు ట్రాక్టరు మీది నర్తకి గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చాక వంటింటి కాంటా మీద రేకుని పెట్టి చూశాను. సరిగ్గా ఇరవై గ్రాములు. అంటే మావాడు వెళ్లినదానికంటే ఇరవై గ్రాములు తక్కువగా బయటికి వచ్చాడు. వాడి ఇరవై గ్రాములు కోటలో ఉండిపోయాయి, కోట ఇరవై గ్రాములు మా ఇంట్లో ఉంది. ఒకరి వస్తువు మన ఇంట్లో ఉంచుకోవడం మా పుట్టింట్లో అలవాటు లేదు. దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి, రిజిస్టరు పోస్టులో పంపాను.

నలభై రోజులకి డబ్బా తిరిగొచ్చింది. లోపల రేకు, ఒక ఉత్తరం.

"తమరు పంపిన ముక్క ఈ కట్టడమునకు చెందినదిగా అంగీకరించుటకు వీలుపడదు. తమ వస్తువు (మగ, ఒకటి) సమభారముతో నిష్క్రమించినట్లు తమరి సంతకముతోనే ధ్రువీకరింపబడి ఉన్నది. కావున కోటలో ఏ లోటును లేదు. లోటు లేని కట్టడమునకు ముక్కను చేర్చుట పదునాలుగవ నియమము ప్రకారము నేరమగును. ముక్కను తూచి వాపసు చేయడమైనది."

కింద చక్రపాణిగారి సంతకం. ఆ సంతకం కింద, వేరే సిరాతో, వేరే చేతిరాతతో ఒక్క వాక్యం: "అమ్మా, బాబు పాలు మంచిగ తాగుతుండా?"

రేకు ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. దేవుడికి చెందినదీ కాదు, మాదీ కాదు. మా ఆయన దాన్ని మ్యూజియానికి ఇద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. దాని చోటు నాకు తెలుసు. రాణివాసం, ఎడమవైపు మూడో గూడు, కూర్చుంటే మోకాలి ఎత్తున తీగలో ఒక పువ్వుకి నాలుగు రేకులే ఉంటాయి.

మావాడికి వచ్చే నెల ఏడాది నిండుతుంది. కొత్త సాక్సులు కొన్నాను, కొంచెం వదులుగా ఉన్నవి. హాల్లో నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, అక్కడినుంచి కొలిచి ఇంకో గీత గీశాను. రోజూ సాయంత్రం వాడిని మొదటి గీత దగ్గర నిలబెట్టి, రెండో గీత దగ్గర నేను చేతులు చాచి కూర్చుంటాను.

మధ్యలో ఏడడుగులు. నిన్నటికి వాడు అయిదు వేశాడు.